ఇసుకలో పూడ్చిపెట్టిన రికార్డు కారు: 42 ఏళ్ళ తర్వాత బయటికొచ్చిన బ్యాబ్స్ కథ



ఒక సీన్ చెప్తాను, ఊహించుకోండి. సముద్రం ఒడ్డు. ఇసుక దిబ్బల మధ్య పెద్ద గొయ్యి తవ్వారు. చుట్టూ జనం నిలబడి ఉన్నారు. ఆ గోతిలోకి దించుతున్నది మనిషిని కాదు, ఒక కారుని. కాలిపోయి, నుజ్జయిపోయిన కారు. దాని సీటు తోలు కోసేశారు, మీటర్ల అద్దాలు పగలగొట్టారు. తర్వాత మీద ఇసుక పోసి కప్పేశారు.

ఏడాది కూడా కాలేదు, అదే బీచ్ మీద ఆ కారు ప్రపంచంలో అన్ని కార్ల కంటే వేగంగా పరిగెత్తింది. దాని పేరు బ్యాబ్స్. 1927 మార్చిలో పూడ్చారు. 1969 వరకు అది భూమిలోనే ఉంది. లెక్క చూస్తే 42 ఏళ్ళు.

కారుని ఎందుకు పాతిపెట్టారు? అన్నేళ్ళ తర్వాత ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు? అసలు తవ్వడం కరెక్టేనా? ఈ మూడో ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు కారు దగ్గరికి వెళ్దాం.

ఇంగ్లండ్‌లో కెంట్ అనే ప్రాంతంలో కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ అని ఒక డబ్బున్న కుర్రాడు ఉండేవాడు. ఆయనకి కార్ల పిచ్చి మామూలుగా ఉండేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక విమానాల ఇంజిన్లు చవగ్గా దొరికేవి. ఈయన వాటిని కొని కార్లకి బిగించేవాడు. అలా చేసిన ఒక కారు పేరు చిట్టి బ్యాంగ్ బ్యాంగ్. తర్వాత జేమ్స్ బాండ్ రచయిత ఇయాన్ ఫ్లెమింగ్ పిల్లల కోసం రాసిన ఎగిరే కారు కథకి పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

ఆయన చేసిన ఇంకో కారు హైయమ్ స్పెషల్. దాంట్లో పెట్టింది అమెరికాలో విమానాల కోసం తయారైన లిబర్టీ ఇంజిన్. 12 సిలిండర్లు, 27 లీటర్లు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కారు ఇంజిన్ 1.2 లీటర్లు ఉంటుంది కదా, అది మొత్తం ఇంజిన్ సైజు. లిబర్టీలో ఒక్కొక్క సిలిండరే రెండు లీటర్ల పైన ఉంటుంది. అంటే మీ ఇంటి కారు ఇంజిన్లు దాదాపు రెండు కలిపితే ఇందులో ఒక సిలిండర్. అలాంటివి పన్నెండు. పవర్ 400 హార్స్‌పవర్ పైనే. ఇప్పటిలా కంప్యూటర్ కంట్రోల్ ఏమీ లేదు. ఇంజిన్ పవర్ వెనక చక్రాలకి వెళ్ళేది గొలుసుల మీద. బైక్‌కి చైన్ ఉంటుంది చూడండి, అదే పద్ధతి, కాకపోతే చాలా పెద్ద సైజు. ఈ గొలుసు సంగతి గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

1924 అక్టోబర్‌లో ఇటలీలోని మోంజా రేసులో జ్బొరోవ్‌స్కీ కారు చెట్టుకి గుద్దుకుని ఆయన చనిపోయాడు. ఆ పెద్ద కారు షెడ్డులో ఉండిపోయింది.

ఇప్పుడు అసలు మనిషి వస్తాడు. పేరు జాన్ గాడ్‌ఫ్రే ప్యారీ థామస్. వేల్స్ దేశంలోని రెక్సమ్‌లో పుట్టాడు. ఈయన డబ్బున్న కుర్రాడు కాదు, ఇంజినీరు. లేలాండ్ మోటార్స్‌లో చీఫ్ ఇంజినీర్‌గా చేశాడు. లేలాండ్ అంటే మనకి కొత్త పేరు కాదు కదా. మన హైవేల మీద లారీల ముందు రాసి ఉండే అశోక్ లేలాండ్‌లోని లేలాండ్ ఆ ఇంగ్లండ్ కంపెనీయే. 1955లో మద్రాస్‌లోని అశోక్ మోటార్స్‌తో చేయి కలిపింది. అంటే చిన్నప్పటి నుంచి మనం చూస్తున్న లారీల వెనకున్న కంపెనీకి ఒకప్పుడు ఈయన పెద్ద ఇంజినీరు అన్నమాట.

థామస్ అక్కడ లేలాండ్ ఎయిట్ అనే ఖరీదైన కారు డిజైన్ చేశాడు. తర్వాత ఉద్యోగం మానేసి రేసులకి వచ్చేశాడు. లండన్ దగ్గర బ్రూక్‌ల్యాండ్స్ అని రేస్ ట్రాక్ ఉండేది. ఆ ట్రాక్ ఆవరణలోనే ఒక చిన్న ఇంట్లో కాపురం. పెళ్ళి లేదు, తోడు కుక్కలు. పొద్దున లేస్తే వర్క్‌షాప్, లేదంటే ట్రాక్. వాటితోనే బతికాడు.

జ్బొరోవ్‌స్కీ చనిపోయాక ఆయన కారుని థామస్ 125 పౌండ్లకి కొన్నాడు. మొత్తం విప్పేశాడు. కార్బురేటర్లు మార్చి నాలుగు పెట్టాడు, పిస్టన్లు తన డిజైన్‌వి వేశాడు, బాడీ మార్చాడు. బ్యాబ్స్ అని పేరు పెట్టాడు. గమనించండి, ఈయన వెనక పెద్ద కంపెనీ డబ్బు లేదు. వేరేవాళ్ళు మొదలుపెట్టి వదిలేసిన సెకండ్ హ్యాండ్ బండి. దాంతో ప్రపంచ రికార్డు కొట్టాలని కూర్చున్నాడు.

ఎక్కడ కొట్టాలి? బ్రూక్‌ల్యాండ్స్ ట్రాక్ గుండ్రంగా ఉంటుంది, అంత వేగానికి అది చాలదు. తిన్నగా మైళ్ళ దూరం కావాలి. వేల్స్ దక్షిణాన పెండైన్ అనే ఊరి బీచ్ ఉంది. ఏడు మైళ్ళ పొడవు, అంటే 11 కిలోమీటర్లు. మీరు సూర్యలంకో, మైపాడో, ఏ బీచ్‌కైనా వెళ్ళినప్పుడు చూసే ఉంటారు. పైన పొడి ఇసుకలో కాలు దిగిపోతుంది. అలలు వెనక్కి వెళ్ళిన చోట తడి ఇసుక మాత్రం గట్టిగా ఉంటుంది, నడిస్తే కాలు దిగదు. పెండైన్‌లో ఆ గట్టి ఇసుకే రేస్ ట్రాక్. అయితే సముద్రం ఒప్పుకోవాలి. పోటు వస్తే ట్రాక్ మునిగిపోతుంది. ఆటు వచ్చాక నీళ్ళు ఇంకి ఇసుక బిగుసుకునేదాకా ఆగాలి. ఆగినా సరే, గుంటలూ మెత్తటి చోట్లూ ఉంటాయి.

అప్పటి రికార్డులు చూడండి. 1925లో మాల్కమ్ క్యాంప్‌బెల్ ఇదే పెండైన్‌లో గంటకి 150 మైళ్ళు దాటాడు. 1926 మార్చిలో హెన్రీ సీగ్రేవ్ సౌత్‌పోర్ట్ బీచ్‌లో 152 చేశాడు. అంటే ఒకటీ రెండు మైళ్ళు పెంచడానికి అంత తిప్పలు పడేవాళ్ళు.

1926 ఏప్రిల్ 27. థామస్ బ్యాబ్స్‌ని పెండైన్ ఇసుక మీదకి తెచ్చాడు. రికార్డు లెక్కకి రావాలంటే అటూ ఇటూ రెండు వైపులా నడపాలి, రెండింటి సగటు తీస్తారు. గాలి ఒకవైపు సాయం చేస్తే ఇంకోవైపు అడ్డం పడుతుంది కాబట్టి అలా పెట్టారు. ఆ రోజు వచ్చిన సగటు 169.30 మైళ్ళు. ఒక్కసారే 17 మైళ్ళు పెరిగింది! మర్నాడు ఏప్రిల్ 28న మళ్ళీ నడిపాడు. 171.02. మన లెక్కలో గంటకి 275 కిలోమీటర్లు.

సెకనుకి 76 మీటర్లు. ఆ స్పీడులో హైదరాబాద్ నుంచి వరంగల్ అరగంట. అదీ 1926లో. సీట్ బెల్ట్ లేదు, ఇప్పటిలాంటి హెల్మెట్ లేదు, తల బాడీ పైకి కనిపిస్తూ ఉంటుంది. కింద రోడ్డు కాదు, తడి ఇసుక.

రికార్డు ఎక్కువ కాలం నిలవలేదు. 1927 ఫిబ్రవరి 4న క్యాంప్‌బెల్ తన కొత్త బ్లూ బర్డ్‌తో పెండైన్‌కే వచ్చి 174 మైళ్ళు దాటించాడు. థామస్ ఆ రికార్డు తిరిగి తెచ్చుకోవాలని బ్యాబ్స్‌తో అదే బీచ్‌కి వెళ్ళాడు.

1927 మార్చి 3. మంచి వేగంలో ఉన్నప్పుడు కారు అదుపు తప్పింది. పల్టీలు కొట్టింది, మంటలు అంటుకున్నాయి. థామస్ అక్కడికక్కడే చనిపోయాడు. తలకి తగిలిన దెబ్బ చాలా ఘోరమైనది. వివరాలు అక్కర్లేదు. ల్యాండ్ స్పీడ్ రికార్డు ప్రయత్నంలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి డ్రైవర్‌గా చరిత్రలో మిగిలాడు.

అదే నెల 29న అమెరికాలో డేటోనా బీచ్ మీద సీగ్రేవ్ 203 మైళ్ళు దాటించాడు. అంటే థామస్ చనిపోయిన 26 రోజులకి. ప్రపంచం 200 గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది. 171 ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

థామస్‌ని బ్రూక్‌ల్యాండ్స్ దగ్గర బైఫ్లీట్ చర్చిలో సమాధి చేశారు. బ్యాబ్స్‌ని ఆ బీచ్ దగ్గర ఇసుకలో పాతిపెట్టారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ ప్రాంతం మిలిటరీ చేతిలోకి వెళ్ళింది, ఆయుధాలు పరీక్షించే రేంజ్ అయింది. కారు ఉన్న చోట కూడా ఆ హద్దుల్లోనే పడింది. ఇక మామూలు మనుషులు అటు వెళ్ళే పని లేదు.

కారు ఇసుక కింద ఉంది. పైన మాత్రం ఒక కథ మిగిలిపోయింది. ఏమిటంటే, గొలుసు తెగింది, తెగిన గొలుసు వచ్చి తలకి తగిలింది, మనిషి పోయాడు. వినగానే నమ్మేలా ఉంది కదా. పాత పద్ధతి గొలుసు, పెద్ద ఇంజిన్, తెగింది, అయిపోయింది. పుస్తకాల్లో అదే రాశారు, జనం అదే చెప్పుకున్నారు. ఆ మాటలో ఇంకో అర్థం కూడా ఉంది. అంత వేగానికి అలాంటి గొలుసులు పెట్టుకున్నాడు కాబట్టి పోయాడని. ఒక మంచి ఇంజినీరు పేరు మీద అది మచ్చలా ఉండిపోయింది. నిజమో కాదో చూద్దామంటే కారు లేదు. సాక్ష్యం భూమిలో ఉంది.

ఇక్కడ వస్తాడు మన రెండో హీరో. ఓవెన్ విన్ ఓవెన్. వేల్స్ ఉత్తరాన బాంగర్ అనే ఊళ్ళో టెక్నికల్ కాలేజీలో ఇంజినీరింగ్ పాఠాలు చెప్పే లెక్చరర్. పాత కార్లు బాగుచెయ్యడం ఆయన సరదా. బ్యాబ్స్ ఇంకా ఆ ఇసుకలోనే ఉందని ఆయనకి తెలుసు. దాన్ని బయటికి తీసి మళ్ళీ నడిపించాలనుకున్నాడు.

ఇది వినగానే నాకు మొదట ఏమనిపించిందో చెప్తాను. వద్దు అనిపించింది. అది ఒక రకంగా సమాధి కదా. మనిషిని చంపిన బండి. బాధతో పాతిపెట్టారు. దాన్ని ఎందుకు కదిలించడం? ఆ రోజుల్లో ఎవరికైనా ఈ ప్రశ్న రాకుండా ఉంటుందా? పైగా స్థలం మిలిటరీది, అనుమతి లేకుండా పార పెట్టడానికి లేదు. ఓవెన్ అనుమతి సంపాదించాడు. 1969లో తవ్వారు.

కారు దొరికింది. 42 ఏళ్ళు ఉప్పు గాలి, నీళ్ళు, ఇసుక మధ్య ఉంది. బాడీ తుప్పు తిని పాడైపోయింది. గుర్తుపట్టగలిగేది గుర్తుపట్టి, పనికొచ్చేది దాచి, రానిది కొత్తగా తయారుచేసి, ఒక్కొక్క భాగం పేర్చుకుంటూ వెళ్ళాలి. ఓవెన్‌కి దాదాపు 15 ఏళ్ళు పట్టింది. ఈ రోజుల్లో మనం మూడు నిమిషాల రెస్టోరేషన్ వీడియో చూసి లైక్ కొట్టేస్తాం. ఆయన జీవితంలో 15 ఏళ్ళు ఒక్క బండి మీద పెట్టాడు. ఆ లిబర్టీ ఇంజిన్ మళ్ళీ మోగింది. బ్యాబ్స్ మళ్ళీ తన చక్రాల మీద తను కదిలింది.

కారు బయటికొచ్చాక ఆ పాత గొలుసు కథ కూడా మళ్ళీ చర్చకి వచ్చింది. ఇప్పుడు గట్టిగా వినిపించే మాట వేరు. ముందు దెబ్బతిన్నది గొలుసు కాదు, కుడివైపు వెనక చక్రం అని. చక్రం పోవడంతో కారు అదుపు తప్పిందని, మిగతా విధ్వంసం దాని వెనకాల జరిగిందని. ఇది కూడా ఒక అభిప్రాయమే, కోర్టు తీర్పు కాదు. కానీ ఒకటి చూడండి. నలభై ఏళ్ళు ఒకే కథ ఉంది, దాన్ని ఎవరూ ప్రశ్నించలేకపోయారు. వస్తువు బయటికొచ్చాక మాత్రమే ప్రశ్నించడం కుదిరింది.

మొదట్లో ఒక మాట అన్నాను కదా, మూడో ప్రశ్న నన్ను వదల్లేదని. అది చెప్పేస్తాను.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్న మావయ్య బైక్ యాక్సిడెంట్‌లో చనిపోయాడు. పోలీస్ స్టేషన్ నుంచి బైక్ ఇంటికి వచ్చింది. దాన్ని పశువుల కొట్టంలో ఒక మూల పెట్టి టార్పాలిన్ కప్పేశారు. అమ్మనివ్వదు, ముట్టుకోనివ్వదు మా అమ్మమ్మ. మేం పిల్లలం ఆ కొట్టం వైపు వెళ్తే కేకలేసేది. ఊళ్ళో అందరూ ఒకటే మాట. "వాడికి స్పీడు ఎక్కువ, అందుకే పోయాడు." మేమూ అదే నమ్మాం. ఇంట్లో ఎవరైనా బండి తీస్తే చాలు, "మీ మావయ్యలా పోవద్దు" అని చెప్పేవాళ్ళు. ఆ మాటలో మావయ్య ఒక తప్పుగా మిగిలిపోయాడు.

చాలా ఏళ్ళకి కొట్టం పడగొట్టాల్సి వచ్చింది. టార్పాలిన్ తీశారు. పాత ఇనుముకి ఇచ్చేముందు మా ఊరి మెకానిక్ వచ్చి చూశాడు. వెనక టైరు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. గాడి అన్నదే లేదు, నున్నగా అరిగిపోయి ఉంది. యాక్సిడెంట్ అయిన రోజు వాన అని అందరికీ తెలుసు. ఆయన అన్నది ఇంతే. "స్పీడో కాదో నేను చెప్పలేను బాబూ. ఈ టైరుతో వానలో బ్రేకు వేస్తే మాత్రం నిదానంగా పోయేవాడైనా పడతాడు."

అమ్మమ్మ అరుగు మీద కూర్చుని వింది. "అయితే వాడు స్పీడుగా పోలేదా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి మాకేం తెలుసు? కానీ ఆ రోజు తర్వాత మా ఇంట్లో "మీ మావయ్యలా" అనే మాట ఆగిపోయింది. ఇప్పుడు "టైరు చూసుకున్నావా" అంటారు.

అందుకే బ్యాబ్స్ కథ చదివినప్పుడు నాకు ముందు ఆ కొట్టమే గుర్తొచ్చింది. పాతిపెట్టిన వాళ్ళని నేను తప్పు పట్టను. బాధలో ఉన్నవాళ్ళు కళ్ళ ముందు ఆ వస్తువు లేకుండా చూసుకుంటారు, అది మనిషి లక్షణం. కానీ వస్తువుతో పాటు ఒక్కోసారి నిజం కూడా లోపలికి వెళ్ళిపోతుంది. పైన ఒక సులువైన కథ మిగులుతుంది. పోయినవాడు వచ్చి "అది కాదు జరిగింది" అని చెప్పలేడు కదా. తవ్వడం అగౌరవం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. బైక్‌ని మేం అంతకుముందే తీసి చూసుంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది. అమ్మమ్మకి కొన్నేళ్ళ భారం తగ్గేది.

థామస్ విషయంలో ఇంకో మంచి మాట చెప్పి ముగిస్తాను. ఆయన దగ్గర రీడ్ రెయిల్టన్ అనే ఇంజినీరు పనిచేశాడు. తర్వాత ఆ రెయిల్టన్ డిజైన్ చేసిన కారుతోనే 1947లో జాన్ కాబ్ గంటకి 394 మైళ్ళ రికార్డు కొట్టాడు. అంటే 634 కిలోమీటర్లు. కారుని పూడ్చారు గానీ ఆ వర్క్‌షాప్‌లో నేర్చుకున్న పనిని ఎవరూ పూడ్చలేకపోయారు.

పెండైన్ బీచ్ కూడా పూర్తిగా నిద్రపోలేదు. 2015లో హాలీవుడ్ నటుడు ఇడ్రిస్ ఎల్బా, మార్వెల్ సినిమాల్లో హైమ్‌డాల్ అండీ, బెంట్లీ కారు తీసుకుని అక్కడికే వెళ్ళాడు. 180 మైళ్ళు చేసి, ఆ బీచ్ మీద క్యాంప్‌బెల్ పెట్టిన 1927 నాటి రికార్డు దాటాడు. 88 ఏళ్ళ ఇంజినీరింగ్ మారాక పెరిగింది ఎంతో చూశారుగా. దాన్నిబట్టి అప్పటివాళ్ళు ఏం చేశారో అర్థమవుతుంది.

పెండైన్‌లో ఇప్పుడు మ్యూజియం ఆఫ్ స్పీడ్ అని ఉంది. బ్యాబ్స్‌ని ఏడాదిలో కొన్నాళ్ళు అక్కడ చూడొచ్చు. ఏ ఇసుకలో పాతిపెట్టారో దానికి దగ్గర్లోనే. యూకేలో చదువుకుంటున్న మనవాళ్ళు చాలామంది ఈ ఎపిసోడ్లు చూస్తారని తెలుసు. వేల్స్ వైపు వెళ్తే ఒకసారి చూసి రండి. వెళ్ళేముందు అది లోపల ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి.

మిగతావాళ్ళకి నాదొక చిన్న పని. ఈ వీడియో అయ్యాక బయటికి వెళ్ళి మీ బండి వెనక టైరు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. గాడి వేలికి తగలాలి. తగలకపోతే రేపటికి వాయిదా వెయ్యొద్దు, వానలు ఎప్పుడొస్తాయో తెలీదు.

మీ ఇంట్లో కూడా ఎవరూ ముట్టుకోని బండో, వస్తువో ఒకటి ఉండే ఉంటుంది. దాని కథ ఏమిటో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. మళ్ళీ కలుద్దాం. ఉంటానండీ, జాగ్రత్తగా వెళ్ళి రండి.